రెండు చీటీలు, ఒక్క ముద్ర

మా మామగారి పేరు ఓటర్ల జాబితాలో రెండుసార్లు పడింది. అంటే, ఆ ఓటు చెల్లదు, దాన్ని పారేసి మళ్ళీ వేయిస్తాం అని దేశాన్ని చేతిలోకి తీసుకున్న సైన్యంవాళ్ళు వెతుకుతున్న సాక్ష్యం మా ఇంట్లోనే ఉందన్నమాట. జాబితాల నిండా దొంగపేర్లే అని టీవీలో పచ్చబట్టల మనిషి చదువుతున్నప్పుడల్లా అత్తగారు వంటింట్లోంచి, "అదిగో, మీ మాఁవ గురించే సెప్తన్నారు," అనేవారు. మామగారు టీవీ గొంతు తగ్గించేవారు.

ఆ రెండు పేర్ల సంగతి చెప్పాలి. రంగూన్‌లో ఉండే మా తెలుగువాళ్ళలో ప్రతివాళ్ళకీ రెండు ఉంటాయి. పుట్టిన ఇరవయ్యొకటో రోజున పళ్ళెంలో బియ్యం పోసి ఉంగరంతో రాసేది ఒకటి, బడిలో వేసేటప్పుడు టీచరు నోటికి తిరగాలని పెట్టే బర్మా పేరొకటి. మొదటిది ఇంట్లో, గుళ్ళో పలుకుతుంది. రెండోది గుర్తింపు కార్డు మీదికి ఎక్కి జీతం, ఆసుపత్రి, చావు కాగితం దాకా వస్తుంది. మామగారు రేవు గోదాంలో బస్తాల మీద ముద్రలు వేసే పనిలో ముప్పై ఏళ్ళ పైనే ఉన్నారు. వాళ్ళ తాత విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కి వచ్చి అదే రేవులో బస్తాలు మోశారు. గోదాంలో మామగారి బియ్యంపేరు ఎవరికీ తెలియదు.

ఓటుకు ముందు జాబితాను వార్డు ఆఫీసు గోడకు అంటించి, తప్పులుంటే చెప్పుకోమన్నారు. మామగారు చూసి వచ్చి, కంచం ముందు అన్నం కలపకుండా కూర్చున్నారు.

"పేరు నేదా ఏటి?" అన్నారు అత్తగారు.

"ఉన్నాది. నాది కాదు."

"మరెవుల్ది?"

"కార్డుది."

మర్నాడు వెళ్ళి బియ్యంపేరు చేర్చమని అర్జీ పెట్టారు. పజుండౌంగ్‌లో వాళ్ళమ్మ బతికున్న రోజుల ఇంటి జాబితాలో, అంటే ఇంట్లో ఉండేవాళ్ళ పేర్లు సర్కారు రాసి ఇచ్చే కాగితంలో, ఆ పేరే ఉంది కాబట్టి గుమస్తా కాదనలేదు, చేర్చాడు. పాతది కొట్టెయ్యడం మరిచిపోయాడు. మామగారు గుర్తు చెయ్యలేదు. కొన్నాళ్ళకు ఆయన రెండు పేర్లతో ఇంటికి రెండు ఓటరు చీటీలు వచ్చాయి. ఒకటి తిరిగి ఇచ్చెయ్యమని నేను నాలుగుసార్లు చెప్పాను. అప్పుడు నాకు నెలలు నిండుతున్నాయి, నా భయాలన్నింటినీ ఇంట్లో ఆ లెక్కలో కలిపేసేవారు.

"కాలేజీలో సదివిన దానివి, నీకు చీటీ కాయితం సూస్తే కూడా బయమేనా అమ్మా? రేపిచ్చీస్తాన్లే," అన్నారు మామగారు. ఆ రేపు రాలేదు.

ఓటు రోజున, కరోనా కాలం కదా, మూతులకు గుడ్డలు కట్టుకుని ఎండలో నిలబడ్డాం. కాగితం మీద ముద్ర ఎలా గుద్దాలో చూపించబోయిన అమ్మాయితో మామగారు బర్మా మాటలో, "నాకా తల్లీ? సగం రంగూన్ తిన్న బియ్యం మీద నా ముద్రే ఉంది," అన్నారు. బయటికి వచ్చాక సిరాలో ముంచిన చిటికెన వేలు నాకు చూపించి, "బియ్యంలో రాసిన పేరుతో ఏసినాను," అన్నారు. రెండో చీటీని దేవుడి పటం వెనకాల దోపారు. ఆ సిరా మూడు వారాలు పోలేదు. రెండోసారి వెయ్యాలన్నా ఏ వేలితో వేస్తారు?

అమ్మాయి డిసెంబరులో పుట్టింది. బియ్యంలో పేరు మామగారే రాశారు. ఇంటి జాబితాలో ఎక్కించడానికి వార్డు ఆఫీసు ఉత్తరం కావాలి. ఫిబ్రవరి మొదట్లో వెళ్దామనుకున్నాం. ఫిబ్రవరి మొదటి రోజున లేచేసరికి ఫోన్లు లేవు, ఓటు లేదు, గెలిచినవాళ్ళు జైల్లో ఉన్నారు, ఓడినవాళ్ళ వెనకున్న సైన్యం గద్దె మీద ఉంది. జాబితాలో చేర్చిన గుమస్తా సమ్మెలోకి పోయి మళ్ళీ కనబడలేదు. లైంగ్‌థార్యార్ కుట్టు ఫ్యాక్టరీల నుంచి ఆడపిల్లలు వరసలు కట్టి నిరసనకు వచ్చారు. మా పేట మింగళ తౌంగ్‌న్యున్‌లో సాయంత్రం ఎనిమిది కొట్టగానే పీడ పోవాలని ఇంటింటా గిన్నెలు మోగించేవారు. అత్తగారు మాత్రం మంచి గిన్నె ముట్టుకోనివ్వలేదు. "సొట్టలు పడ్డాది ఉన్నాది కదే, దాన్ని కొట్టు," అనేవారు. పచ్చబట్టలవాళ్ళు ఆ గిన్నెల మోతకి పోలేదు.

మా గుడి కమిటీలో ఒక పెద్దమనిషి ఉన్నారు. గొడుగులు అమ్ముతారు. ఏ ప్రభుత్వం వచ్చినా మొదటి వారంలోనే వాళ్ళ మాట ఈయన నోట్లోకి వచ్చేస్తుంది. పిల్లను చూడ్డానికి వచ్చి, టీ తాగుతూ మొదలుపెట్టారు.

"తప్పులున్నాయనీసి ఆల్లు సెప్తన్నారు. ఉన్నాయా నేవా? మీ ఇంట్లోనే ఉన్నాది. మల్లీ ఓటేస్తే ఏటి పోతాది? కూరలో ఉప్పెక్కువైతే మల్లీ వొండుకోమా?"

"ఉప్పెక్కువైందని తిన్నవాడు చెప్పాలి గదా పెదనాన్నా," అన్నాను. "పందెంలో ఓడిపోయిన వంటవాడు చెప్తే గిన్నె పారబోస్తామా?"

"సదువుకున్న పిల్లలతో ఇదే ఇబ్బంది," అన్నారాయన, అత్తగారి వైపు తిరిగి. "అన్నిటికీ నోరు ముందు."

"నోరు ముందే. టీ మాత్రం సల్లారిపోతాది, తాగండి," అన్నారు అత్తగారు. ఆవిడ ఎవరి పక్షమో నాకు ఈనాటికీ తెలియదు.

ఆయన వెళ్ళాక నేను పిల్లను ఊపుతూ చాలాసేపు ఆలోచించాను. ఒక ఓటును మళ్ళీ వేయించడం ఎప్పుడూ తప్పే అని నేననను. జనం వెయ్యని ఓటైతే మళ్ళీ అడగాల్సిందే. అలాంటిదాన్ని నేను చూశాను కూడా. పెద్ద తుఫాను వచ్చిన ఏడాది, నేను బడిపిల్లను. పజుండౌంగ్‌లోనే ఉన్న మా పుట్టింటి పైకప్పు సగం వాగులో పడింది. ఆ తడిలోనే సైన్యం రాసిన కొత్త రాజ్యాంగం కావాలా వద్దా అని దేశమంతటినీ అడిగారు. మా వీధికి ఒకడు ఒక చేత్తో టార్పాలిన్, ఇంకో చేత్తో కాగితాల కట్ట పట్టుకుని వచ్చాడు. అమ్మ వేలిముద్ర పెట్టబోతే, అక్కర్లేదు, అయిపోయింది అన్నాడు. కాగితం మీద 'కావాలి' అని గుర్తు ముందే పెట్టి ఉంది. అమ్మ టార్పాలిన్ తీసుకుని లోపలికి వచ్చి, "మనం ఏసీసినాం కావల," అంది. "దేనికే?" అన్నారు నాన్న. "ఏటో. మంచిదే అనీసి ఆడు సెప్పినాడు."

ఆ 'కావాలి' మీద కట్టిన ఇంట్లోనే వీళ్ళు ఇప్పటికీ కూర్చున్నారు. దాన్ని మళ్ళీ అడుగుదామని ఒక్కడికీ తోచలేదు. అమ్మ వెయ్యని ఓటు రాయి మీద గీత అయింది, మామగారు వేసిన ఓటు నీళ్ళ మీద రాత అయింది. ఇంత తెలివైన లెక్క నాకు కాలేజీలో ఎవరూ చెప్పలేదు.

ఇదంతా మనసులో అనుకోవడం తేలికే. ఇంటి జాబితాలో లేని మనిషి రాత్రి ఇంట్లో పడుకుంటే వార్డు ఆఫీసులో చెప్పి తీరాలనే పాత చట్టాన్ని దుమ్ము దులిపి బయటికి తెచ్చారు. పక్క వీధిలో తుపాకులతో వచ్చి తలలు లెక్కపెట్టారు. మా జాబితాలో నలుగురం. పడుకునేది ఐదుగురం. ఐదోదానికి మూడు నెలలు. జాబితాలో పేరు లేకపోతే రేపు బడి లేదు, కార్డు లేదు. మా రంగువాళ్ళకు కార్డు లేకపోతే ఏమవుతుందో మాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

కొత్తగా వేసిన వార్డు పెద్ద దగ్గరికి నేను, మామగారు వెళ్ళాం. అతను తాంబూలం ఒక బుగ్గలోకి తోసి, నన్ను 'న్యీమ' అని, చెల్లెలా అని, చాలా తియ్యగా పిలిచాడు.

"పిల్ల ఉత్తరానికేముంది న్యీమ, ఇప్పుడే ఇస్తాను. మీ ఇంటిది ఒక చిన్న పని మిగిలిపోయింది." సొరుగులోంచి అచ్చుకాగితం తీశాడు. "మీ మామగారికి రెండు పేర్లున్నాయి. కలా వాళ్ళకు రెండు పేర్లెందుకో నాకు అర్థం కాదు. ఒక్కదాన్నే మోయలేక చస్తున్నాం మేం."

కలా అంటే మేమే, ఇండియా మొహాలకు వాళ్ళ తిట్టు. ఓట్లు అడగడానికి వచ్చేటప్పుడు ఆ మాట ఇంట్లో వదిలేసి వస్తారు.

మామగారు జేబులోంచి రెండో చీటీ తీసి బల్ల మీద పెట్టారు. "ఇది వాడలేదు సయా," అన్నారు. సయా అంటే అయ్యగారు. "చూడండి, చింపనైనా లేదు. రెండు చీటీలొచ్చిన మాట నిజం. ముద్ర ఒక్కటే వేశాను. అలా రాయండి, సంతకం పెడతాను."

వార్డు పెద్ద చీటీని చూసి ఎంత సంతోషపడ్డాడో. అటూ ఇటూ తిప్పి ఫోనులో ఫోటో తీసుకుని, తన సొరుగులో పెట్టుకున్నాడు. "రాయడానికేముంది, అన్నీ అచ్చువేసే ఉన్నాయి. కింద సంతకమే."

దేవుడి పటం వెనక నెలల తరబడి దాచిన సాక్ష్యాన్ని మామగారు స్వయంగా చేతులారా వాళ్ళ సొరుగులో వేశారు. నేను కాగితం తీసుకున్నాను. మామగారికి బజారు బర్మా బాగా వచ్చు. ఆఫీసు బర్మా నాకే వచ్చు. ఇంట్లో నా డిగ్రీ అక్కరకొచ్చిన మొదటి రోజు అదే. మొదటి రెండు వాక్యాలు పేర్ల గురించి. మూడోది, 'ఈ రెండు పేర్లతోనూ నేను ఓటు వేసి ఉన్నాను.' నాలుగోది, 'కావున ఆ ఎన్నికను రద్దు చేసి మరల జరపవలెనని కోరుచున్నాను.'

తెలుగులో మెల్లగా చదివి చెప్పాను. మామగారు చెయ్యి చాపారు.

"కలమియ్యి," అన్నారు.

"రెండుసార్లు వేశానని ఒప్పుకున్నట్టు మామయ్యా. రేపు దీంతోనే మిమ్మల్ని లోపలెయ్యచ్చు."

"ఎయ్యనీ. గుంటకి కాయితం కావాల. నా ఓటు ఎలాగూ పోనాది. పోయినదాని మీద సంతకం ఎడితే ఏటి?"

కలం ఇంకా నా చేతిలోనే ఉంది. ఒక్క నిమిషం ఇచ్చేద్దామనిపించింది. ఇచ్చేస్తే ఉత్తరం వస్తుంది, ఐదో తలకు లెక్క కుదురుతుంది, నాకు నిద్ర పడుతుంది. ఆయన్ని ఎంత వెటకారం చేసినా, ఆ నిమిషంలో నేనూ గొడుగుల పెదనాన్నా ఒక్కటే. తరవాత మామగారి చెయ్యి చూశాను. ముప్పై ఏళ్ళ రంగు గోళ్ళ సందుల్లో నల్లగా ఉంది. ఆ చేత్తో అబద్ధం మీద ముద్ర వేయించి తెచ్చిన కాగితంతో నా కూతురు బడికి పోతుందా?

"ఊలే, ఆయన కళ్ళజోడు తేలేదు," అన్నాను వార్డు పెద్దతో, చిన్నాన్నా అని తగినంత తియ్యగా పిలుస్తూ. "చదువుకుని పెట్టాలంటున్నారు. మళ్ళీ వస్తాం."

"నువ్వు చదివావు కదా."

"నేను కోడల్ని ఊలే. నా మాట ఎవరు వింటారు?"

అతను నవ్వాడు. ఆ నవ్వులోంచి మేం బయటపడ్డాం. వీధి మలుపు దాకా మామగారు నా ముందు నడిచారు. అక్కడ ఆగి, "చీటీ మొదట్లోనే ఇచ్చీమన్నావు," అన్నారు. "సెప్పినావు. నాలుగుసార్లు సెప్పినావు." అంతకు మించి మా ఇంట్లో క్షమాపణ ఉండదు.

సంతకానికి మేం వెళ్ళలేదు. ఉత్తరం రాలేదు. ఆ రాత్రి నా భర్త నాతో మాట్లాడలేదు. అత్తగారు మాట్లాడారు, "మాట నీదే నెగ్గినాది, ఇంక గుంటని ఏ మూల దాస్తావో దాయి," అని. దాచలేదు. చట్టం ఎలా చెప్పిందో అలాగే చేశాను. శనివారం ఉదయం పిల్లను చంకనేసుకుని వార్డు ఆఫీసుకు వెళ్ళి, మా ఇంట్లో ఒక అతిథి ఉందని చెప్పాను.

ఫారం నింపాను. ఎక్కడినుంచి వచ్చారు అన్నచోట మా వీధి పేరే రాశాను. వచ్చిన కారణం అన్నచోట 'పుట్టింది' అని రాశాను. బల్ల దగ్గరున్న మనిషి అది కొట్టేసి 'బంధువులను చూడటానికి' అని రాశాడు. అతిథికి ఏడు రోజులకు మించి ఒప్పుకోరు. అప్పటినుంచి ప్రతి శనివారం నా కూతురు మా ఇంటికి చుట్టపుచూపుగా వస్తూనే ఉంది. మామగారి చీటీ గురించి మాత్రం ఇంతవరకు ఎవరూ రాలేదు. రారని చెప్పినవాళ్ళూ లేరు. మెట్ల మీద బూట్ల చప్పుడైతే ఇప్పటికీ మొదట ఆయన మంచం వైపు చూస్తాను, తరవాత పిల్ల వైపు.

మళ్ళీ ఓటు వచ్చే ఏడాదే అన్నారు. ఆ వచ్చే ఏడాది వచ్చాక ఇంకో వచ్చే ఏడాది అన్నారు. వంటవాడు ఇంకా ఉప్పు చూస్తున్నాడు. పిల్లకు ఇప్పుడు మాటలు బాగా వచ్చాయి, వార్డు ఆఫీసు బల్ల అంచు పట్టుకుని మునివేళ్ళ మీద నిలబడుతుంది. పోయిన శనివారం ఆ మనిషి తల ఎత్తకుండానే, "ఎప్పుడు వెళ్ళిపోతుంది?" అని అడిగాడు.

"వచ్చే శనివారం," అన్నాను.

"మనం ఎక్కడికమ్మా?" అంది పిల్ల తెలుగులో.

"ఇంటికి," అన్నాను.