మళ్ళీగారి స్టీరింగ్ మరమ్మతు

ఆయన్ని లారీవాళ్ళందరూ మళ్ళీగారు అంటారు. లారీ కాటా దగ్గర గుమాస్తా ఉద్యోగం. ఇనుప తుక్కుతోనో ఇసుకతోనో లారీ వచ్చి కాటా మీద నిలబడుతుంది, అద్దాల గదిలో అంకెలు వెలుగుతాయి. ఇంకెవరైనా అయితే ఆ అంకెలు కాగితం మీద రాసిచ్చి పంపేస్తారు. ఈయన మాత్రం కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, "దించి మళ్ళీ ఎక్కించు" అంటాడు. వెనక పది లారీలు హారన్లతో ఊదరగొడుతున్నా సరే, దించి మళ్ళీ ఎక్కించాల్సిందే. క్యాబిన్‌లో ఎవడైనా ముడుచుకుని పడుకున్నాడేమోనని మెడ సాచి చూస్తాడు. నీళ్ళ డ్రమ్మును వేలితో కొట్టి చెవి ఒగ్గుతాడు.

పుట్టుకతోనే ఇలాంటివాడని అనుకోవద్దు. ఉద్యోగంలో చేరిన కొత్తలో మహా నమ్మకస్తుడు. అడుగున నీళ్ళ పీపాలు పెట్టి పైన తుక్కు కప్పిన లారీ ఒకటి ఆయన కళ్ళముందే ఆరుసార్లు దర్జాగా తూగి వెళ్ళింది. ఏడోసారి యజమానే వచ్చి పట్టుకున్నాడు. పదిమందిలో నిలబెట్టి, "నీవి కళ్ళా, గోళీకాయలా?" అని అడిగాడు. ఆ రోజు నుంచి ఈయన నమ్మడం మానేశాడు, ఉద్యోగం నిలబడింది. తనకింత తిండి పెడుతున్నది అనుమానమేనని ఆయన గట్టి అభిప్రాయం. తిండిపెట్టేదాన్ని చెప్పులతోపాటు గుమ్మం బయట విడిచి ఇంట్లోకి రావడం అందరికీ చేతకాదు. ఈయనకూ చేతకాలేదు.

ఇంట్లో ఉండేది ఇద్దరే, ఆయనా, ఆయన భార్యా. ఆవిడ అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దుతుంది. నోట్లో నాలుక లేని మనిషని చుట్టుపక్కలవాళ్ళంటారు. రెండేళ్ళ కిందట ఆవిడ పన్ను పీకించుకున్నప్పటి సంగతి చెబితే ఆ నాలుక ఎటు పోయిందో తెలుస్తుంది. పళ్ళ డాక్టరు పీకిన పన్నును ఈయన కాగితంలో పొట్లం కట్టించుకుని, ఇంకో పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి, "ఇది నిజంగా పుచ్చిందా, మంచిదాన్ని పీకారా?" అని అడిగాడు. పక్కన ఆవిడ బుగ్గలో దూది పెట్టుకుని, తల దించుకుని కూర్చుంది. బయట బెంచీ మీద వాళ్ళు నవ్వాపుకోలేక చచ్చారు. ఇంటికొచ్చాక ఆవిడ ఒక్క మాటా అనలేదు. పన్ను నిజంగానే పుచ్చిందని తేలింది కాబట్టి గొడవేమీ లేదని ఈయన అనుకున్నాడు.

అలాంటి మనిషి కారు కింద ఒక ఉదయం ఎర్రటి నూనె మరక కనిపించింది.

అచ్చాఫీసు దూరం కాబట్టి కారు ఆవిడే తోలుతుంది. ఈయనకు స్కూటరు చాలు. మెకానిక్ కారు కిందికి దూరి, బయటికొచ్చి, "పవర్ స్టీరింగ్ పంపు కారుతోంది సార్. కొత్తది వెయ్యాలి" అన్నాడు. ఈయన మరక వైపు చూశాడు, మెకానిక్ చేతిలో గుడ్డ వైపు చూశాడు. గుడ్డకూ అదే నూనె ఉంది. పోయిన నెల ఇతని దగ్గరే కదా బండి కడిగించింది! వాడే ఏదో వదులు చేసి పెట్టి ఉంటాడు. నా చెవిలో పువ్వు పెట్టాలని చూస్తున్నాడు.

"అసలు ఆ పంపే లేకపోతే?" అన్నాడు.

"లేకపోతే స్టీరింగ్ బరువైపోతుంది సార్. ఇంజిన్ బలంతో ఆ పంపు నూనెను తోస్తే కదా మనకి చక్రం తేలిగ్గా తిరిగేది."

"మా చిన్నప్పుడు కార్లకి పంపులున్నాయా? తిరగలేదా?"

మెకానిక్ చేతులు తుడుచుకుని, "మీ ఇష్టం సార్" అన్నాడు. అంత తొందరగా ఒప్పుకోవడం చూసి ఈయన అనుమానం ఇంకాస్త బలపడింది.

పంపు పీకేసి మామూలు స్టీరింగ్ చేసుకోవాలని అలా తీర్మానించాడు, అదీ ఇంట్లో, తన చేతులతో. మెకానిక్ మీద అనుమానమే కారణమని ఆవిడతో చెప్పాడు. ఇంకో కారణం కూడా ఉంది. దాన్ని ఆవిడతోనే కాదు, తనతో తాను కూడా చెప్పుకోలేదు. ఆయన చెప్పుకోకపోతే మనం చెప్పుకుందాం.

అచ్చాఫీసుకు వెళ్ళి రావడానికి పద్దెనిమిది కిలోమీటర్లు. నాలుగు నెలలుగా గురువారాలు మాత్రం మీటరు ఇరవై అయిదు చూపిస్తోంది. అంకెలతో పెరిగిన మనిషి కళ్ళలో ఆ ఏడూ నలుసులా పడ్డాయి. అదొక్కటేనా? ఇరవై ఏళ్ళుగా జడ వేసుకున్న మనిషి జడ మానేసి జుట్టుకు ఒక క్లిప్పు పెట్టి వదిలేస్తోంది. ఎవరు మెచ్చుకోవాలని? చేతిసంచీ కుడి భుజం నుంచి ఎడమ భుజానికి మారింది. వంటింట్లో పై అరలో ఉండే డబ్బాలన్నీ కింది అరలోకి దిగాయి. పై అరలో ఏం దాస్తోందోనని కుర్చీ వేసుకుని ఎక్కి మరీ చూశాడు. దుమ్ము తప్ప ఏమీ లేదు. ఏమీ లేకపోవడం కూడా ఆయనకు నచ్చలేదు.

అడిగేయవచ్చు కదా అంటారేమో. కాటా దగ్గర ఆయన నేర్చుకున్న మొదటి పాఠమే అది: డ్రైవరును అడగకూడదు, అడిగితే జాగ్రత్తపడతాడు. అందుకని అడగలేదు. ఇంకో గురువారం కోసం కాచుకున్నాడు, దాని తర్వాత మరొకటి. ఆవిడ తనను మోసం చేస్తోందేమోనన్న భయం లోపల పురుగులా తొలుస్తుంటే పైకి పళ్ళెంలో కూర గురించి మాట్లాడేవాడు. స్టీరింగ్ బరువెక్కితే ఆవిడ అటూ ఇటూ తిరగడం దానంతటదే తగ్గుతుందన్న ఆలోచన ఆ భయంలోంచే పుట్టింది.

రెండు ఆదివారాలు పట్టింది పని. ముందు పంపును ఇంజిన్‌తో కలిపే బెల్టు కోసి పారేశాడు. అడుగున తొట్టె పెట్టి నూనె దించాడు. పంపు బోల్టులు మొండికేస్తే పాత పైపు ముక్క పానాకు తొడిగి, ఎగిరి మరీ తొక్కాడు. పంపు ఊడింది, మోచేతి మీద చర్మం కూడా ఊడింది. స్టీరింగ్ కింద చక్రాలను అటూ ఇటూ లాగే ర్యాక్ నుంచి గొట్టాలు రెండూ విప్పాడు. ఇప్పుడు ర్యాక్‌కు రెండు కన్నాలు మిగిలాయి. ఒక దాంట్లోంచి నూనె వచ్చేది, రెండో దాంట్లోంచి పోయేది.

పక్కింటి పెద్దాయన, బస్సులు తోలి రిటైరైన మనిషి, గోడ మీదుగా ఇదంతా చూస్తున్నాడు.

"అబ్బాయ్, ఆ రెండు కన్నాలనీ ఒకే గొట్టంతో కలుపు" అన్నాడు. "మూసెయ్యొద్దు. లోపల మిగిలిన నూనె అటూ ఇటూ పోవాలి. మూసేస్తే ఎటూ పోలేక ఎదురు తన్నుతుంది. స్టీరింగ్ కాదు, బండరాయి అవుతుంది."

ఈయన తలూపాడు. మనసులో మాత్రం, అడక్కుండా సలహా ఇస్తున్నాడు, ఈయనకేం లాభం అనుకున్నాడు. రేపు ఆ గొట్టం జారితే మళ్ళీ నూనె కారుతుంది, మళ్ళీ మెకానిక్ కాళ్ళ మీద పడాలి. పెద్దాయనా మెకానిక్కూ సాయంత్రాలు ఒకే అరుగు మీద కూర్చుంటారు కూడా. తెరిచి ఉన్న కన్నాన్ని తెరిచి ఉంచమని ఎవరైనా చెబితే నమ్మే మనిషి కాదాయన. పెద్దాయన లోపలికెళ్ళేదాకా ఆగి, రెండు కన్నాల్లోనూ రాగి వాషర్లు వేసి, బోల్టులు పెట్టి, చెమటలు కక్కుతూ బిగించేశాడు.

సాయంత్రం ఆవిడను పిలిచి సీటులో కూర్చోబెట్టాడు. ఆవిడ స్టీరింగ్ పట్టుకుని తిప్పింది. కదల్లేదు. రెండోసారి పళ్ళు బిగించి లాగితే పావు వంతు తిరిగింది. ఆవిడ ముఖం తెల్లబోయింది.

"ఇలాగే ఉంటుందా?"

"కారు కదులుతుంటే తేలికవుతుంది. అలవాటైపోతుందిలే" అన్నాడు.

అది తను కోరుకున్న బరువు కన్నా ఎక్కువేనని ఆయనకూ తెలుసు. అయినా లోలోపల కాస్త హాయిగానే ఉంది. ఆ హాయి చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది, కానీ ఉన్నదున్నట్టు చెప్పాలి కదా.

ఆ గురువారం మీటరు మళ్ళీ ఇరవై అయిదు చూపించింది.

ఇంత బరువు స్టీరింగ్‌తో కూడా వెళ్ళిందంటే అక్కడ ఉన్నదేదో చిన్న సంగతి కాదు. మరుసటి గురువారం ఆయన కాటా దగ్గర సగంరోజు సెలవు పెట్టి, స్కూటరు మీద అచ్చాఫీసు దగ్గర కాపు కాశాడు. కారు బయటికొచ్చింది. నాలుగు బండ్ల వెనక తనూ బయల్దేరాడు. కారు మార్కెట్ దాటి, ఎడమ వైపు సందులోకి తిరిగి, రెండంతస్తుల భవనం ముందు ఆగింది. ఈయన ఎదురుగా మందుల షాపు పక్కన హెల్మెట్ తీయకుండా నిలబడ్డాడు. మందుల షాపాయన ఈయన్ని అనుమానంగా ఎగాదిగా చూశాడు.

రెండు బండ్ల మధ్య ఇరుకు జాగాలో కారు పెట్టాలి. ఆవిడ కుడి మోచెయ్యి పక్కటెముకలకు అదిమిపెట్టుకుని, ఎడమ చేత్తో ఒక్కటే స్టీరింగ్ లాగుతోంది. ఒళ్ళంతా పక్కకు వాల్చి లాగుతోంది. ముందుకు, వెనక్కి, మళ్ళీ ముందుకు. కారు నిలబడ్డాక కూడా రెండు నిమిషాలు దిగలేదు. ఎవరికోసమో చూస్తోందనుకున్నాడు ఈయన.

దిగి పైకి వెళ్ళింది. ఈయన చప్పుడు చేయకుండా మెట్లెక్కాడు. రెండో గదికి తెర వేలాడుతోంది. లోపలినుంచి మగగొంతు, "ఇంకొంచెం... భయపడకండి... ఇంకొంచెం" అంటోంది. ఈయన తెర పక్కనుంచి చూశాడు.

గోడకు కప్పీ, దాని మీదుగా తాడు. తాడు రెండు కొసలకూ చెక్కపిడులు. ఆవిడ ఎడమ చేత్తో ఒక పిడిని కిందికి లాగుతుంటే రెండోది కుడిచేతిని పైకి లేపుతోంది. భుజం దాకా వచ్చి ఆగిపోయింది. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. పక్కన తెల్లకోటులో బట్టతలాయన లెక్కపెడుతున్నాడు.

"పోయిన నెల చెవి దాకా లేచిన చెయ్యి ఇప్పుడు ఇక్కడే ఆగిపోయిందేంటమ్మా? ఏం బరువులెత్తారు?"

"ఏమీ లేదండీ. కారు స్టీరింగ్ కాస్త గట్టిపడింది."

"బాగు చేయించండి మరి."

"బాగు చేశాకే గట్టిపడింది. మావారే చేశారు."

"భుజం బాగోలేదని ఆయనకి చెప్పొచ్చుగా?"

ఆవిడ చిన్నగా నవ్వింది. "చెప్తే ఎప్పట్నుంచి, ఎవరన్నారు, అసలు భుజమేనా అని అడుగుతారు. తర్వాత ఇక్కడికొచ్చి మిమ్మల్ని అడుగుతారు. నొప్పయితే ఓర్చుకుంటానండీ, అది మాత్రం నావల్ల కాదు."

ఈయన మెట్లు దిగి వచ్చాడు. జడ వెయ్యాలంటే చెయ్యి వెనక్కి వెళ్ళాలి. పై అర అందాలంటే చెయ్యి లేవాలి. నాలుగు నెలలు ఒకే ఇంట్లో ఉండి ఇంతా చూశాడు, ఒక్కటీ సరిగ్గా చూడలేదు. సిగ్గేసింది. తన చేత్తో బిగించిన ఆ రెండు బోల్టులూ గుర్తొచ్చాయి. కారుకు ఆనుకుని నిలబడిపోయాడు.

ఆవిడ కిందికొచ్చి ఈయన్ని చూసింది. ఉలిక్కిపడలేదు, ఇక్కడికెందుకొచ్చారని అడగలేదు. సంచీలోంచి మడత పెట్టిన కాగితం తీసి ముందుకు చాపింది.

"పేరు, తారీఖు, ముద్ర అన్నీ ఉన్నాయి. పైన రెండో గది. వెళ్ళి అడిగి రండి, నేనిక్కడే ఉంటాను."

ఈయన కాగితం అందుకోలేదు. "తాళాలియ్యి. నేను తోలతాను" అన్నాడు.

స్కూటరు అక్కడే వదిలేశాడు. ఆ ఇరుకులోంచి కారు తియ్యడానికి రెండు చేతులూ చాలలేదు. పెడల్ మీద కాలు తన్నిపెట్టి, సీటులోంచి లేచి లాగాల్సి వచ్చింది. ఒక్క మలుపుకే చంకలు తడిసిపోయాయి. ఆవిడ కాగితాన్ని ఒళ్ళో పెట్టుకుని, "ఇంకోసారి వెనక్కి తియ్యాలి. ఒక్కసారికి రాదు" అంది.

సందు చివరికొచ్చారు.

"కన్నాలు మూసేశాను. పెద్దాయన వద్దన్నాడు, నేనే వినలేదు" అన్నాడు. "రేపు విప్పేస్తాను. మెకానిక్‌ని పిలిచి పంపు కూడా వేయిస్తాను."

ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తోంది.

"నొప్పి బాగా ఉందా?" అన్నాడు.

ఆవిడ తల తిప్పి ఈయన్ని చూసింది. కోపంగా కాదు. ఈ ప్రశ్న వెనక ఇంకేం ఉందోనని జాగ్రత్తగా, పరీక్షగా చూసింది.

"ఎందుకడుగుతున్నారు?"

"ఊరికే" అన్నాడు ఆయన.

ఆవిడ నమ్మలేదు.