గుడారంలో పాప

నా చిన్నప్పుడు మేం బహ్రెయిన్‌లో, తుబ్లీలో ఉండేవాళ్ళం. నాన్నది సల్మాబాద్‌లో ఒక గ్యారేజీలో స్టోర్ డ్యూటీ. ఇంట్లో గోదావరి తెలుగు, బడిలో ఇంగ్లీషు, హిందీ పీరియడ్‌లో మాత్రం నేను మూగదాన్ని. అందుకే అమ్మ నన్ను పై అంతస్తు ఆంటీ దగ్గర ట్యూషన్‌కి పెట్టింది. ఆవిడది ఉత్తరాదిన ఒక చిన్న ఊరు. పాఠాన్ని కథలా చెప్పేది, నేను పుస్తకం తెరవకుండానే నేర్చేసుకునేదాన్ని. నా బద్ధకానికి అంతకన్నా ఏం కావాలి.

ఐదో క్లాసు హిందీ పుస్తకంలో శరణార్థుల శిబిరం మీద ఒక కథ ఉండేది. అల్లర్లలో ఇల్లు తగలబడి పారిపోయి వచ్చిన ఒక ముసలాయన, రోజూ రొట్టెల వరసలో నిలబడి తనకొకటి, గుడారంలో నిద్రపోతున్న మనవరాలికొకటి అడిగి తీసుకెళ్తుంటాడు. ఆంటీ చెప్పిన కథలో ఆయన పాపను లేపి, తినిపించి, మళ్ళీ పడుకోబెడతాడు. అంతే, కథ అయిపోయింది. పరీక్షలో నేనూ అదే రాశాను. పదికి సున్నా వచ్చింది. పుస్తకంలో చివరి పేజీ వేరు. గుడారంలో ఎండిపోయిన రొట్టెలే ఉంటాయి, పాప ఉండదు.

నాకు అప్పటికి తెలియనిది ఒకటుంది. ఆ నెలలోనే ఆంటీ వాళ్ళ ఊళ్ళో మతం పేరుతో చంపుకున్నారు. వీసా వచ్చేదాకా అమ్మమ్మ దగ్గర ఉంచిన ఆవిడ కూతురు, నా ఈడుదే, ఇల్లు కాలిన రోజు నుంచి కనబడలేదు. అమ్మమ్మ శిబిరంలో దొరికింది, పిల్ల దొరకలేదు. వాళ్ళు ఏ మతంవాళ్ళో ఇక్కడ రాయను. రాస్తే చదివేవాళ్ళలో సగంమంది బాధపడడం అక్కడే ఆపేస్తారు.

అక్కడ సెలవు రోజని శుక్రవారాలు చర్చిలో జరిగే మా తెలుగు ప్రార్థనలో ఎవరో పాప కోసం అమ్మ మోకరించి ఏడుస్తుంటే నాకేం పట్టలేదు. నా ఏడుపంతా ఆ సున్నా గురించే. టీచరమ్మ జాలిపడి మళ్ళీ రాయనిచ్చింది. ఈసారి పుస్తకం ముందేసుకుని, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ నేనే చదివాను. పదికి పది వచ్చింది. ఆ కాగితం పట్టుకుని గబగబా మెట్లెక్కి ఆంటీ చేతిలో పెట్టాను. ఆవిడ చెప్పింది తప్పనీ, ఇదే అసలు కథనీ చూపించాలని నా పంతం. అంతటితో ఊరుకోకుండా చివరి వాక్యం పైకి చదివి వినిపించాను కూడా.

ఆవిడ నా తల మీద చెయ్యి వేసి, "బాగా రాశావు బేటీ. ఒక్క తప్పు కూడా లేదు" అంది. ప్లేట్లో బిస్కెట్లు పెట్టింది, అన్నీ తిన్నాను.

కిందికొచ్చి గొప్పగా చెప్తే అమ్మ నన్ను కొట్టబోయి, ఆగి, ఒళ్ళోకి లాక్కుంది. పిల్లలకి చెప్పొద్దని దాచిన సంగతంతా అప్పుడు చెప్పింది. "ఆ చివరి మాట తన నోటితో అంటే నిజమైపోతుందని భయపడిందే ఆవిడ" అంది.

మర్నాడు క్షమాపణ చెప్పుకుందామని వెళ్తే తలుపుకి తాళం. కూతుర్ని వెతుక్కోవడానికి ఆంటీ పొద్దున్నే విమానమెక్కేసింది. అంకుల్ ఆ ఇల్లు ఖాళీ చేసి సల్మాబాద్‌లో పనివాళ్ళుండే కంపెనీ క్యాంపుకి మారిపోయారు. ఏడాది తర్వాత నాన్నకి కనబడితే, ఇంకా వెతుకుతూనే ఉందని చెప్పారట. ఆ తర్వాత వాళ్ళ కబురేమీ తెలియలేదు.

ఇప్పుడు నా కూతురు ఐదో క్లాసు. ఎవరైనా ఏదైనా విషయం తప్పు చెప్తుంటే సరిదిద్దబోయి ఆగిపోతాను, ముందు వాళ్ళ ముఖం చూస్తాను. ఆవిడ ఆ రోజు నన్ను తిట్టి పంపేసి ఉంటే ఈపాటికి మరిచిపోయేదాన్నేమో. తిట్టలేదు. గుడారంలో పాప లేదని రాసిన నా చివరి వాక్యాన్ని విని, ఒక్క తప్పు కూడా లేదని మెచ్చుకుంది.