బ్యాంకుకి పట్టుకెళ్లిన అరకిలో కోవా

ఇదంతా మొదలైంది 2021 డిసెంబరు పద్నాలుగు, మంగళవారం, మధ్యాహ్నం పన్నెండుంబావుకి. ఈ మాటే మొన్న శనివారం హైటెక్ సిటీలో ఒక హోటలు పదకొండో అంతస్తులో మైకు పట్టుకుని చెప్పాను. విద్యారుణాల సంస్కరణ మీద సభ అట. అప్పుతో అవస్థపడ్డ తల్లి ఒకరు కావాలని సభవాళ్లు మా అమ్మాయి ఆఫీసులో ఎవరినో అడిగితే, నా పేరు చెప్పారు, కారు పంపారు. వేదిక మీద నలుగురున్నారు, పిల్లల చదువుకి అప్పు తెచ్చిన మొహం వాళ్లలో ఒక్కటీ లేదు. తల్లిదండ్రులకి ఆర్థిక అవగాహన పెంచాలని ఒకాయన ఇరవై నిమిషాలు సెలవిచ్చాడు. జీడిమెట్ల మందుల ఫ్యాక్టరీలో ముప్ఫై ఒక్క ఏళ్లు మాత్రల లెక్కలో తేడా రాకుండా చూసినదాన్ని, నా అవగాహన సంగతి వినడానికే అంత ఎత్తు ఎక్కినట్టయింది. నాకిచ్చింది మూడు నిమిషాలు, అందులో రెండో నిమిషానికే గంట కొట్టారు గనక మిగిలింది ఇక్కడ చెబుతున్నాను.

మన వయసువాళ్లకి గుర్తుండే ఉంటుంది, అప్పట్లో అప్పు కావాలంటే మనిషి ఎదురుగా నిలబడి అడగాలి, ఇచ్చేవాళ్లు నాలుగు మాటలు అన్నాకే ఇచ్చేవారు. మా ప్యాకింగు ఆడవాళ్లం నెలకింతని వేసుకుని ఒక సంఘం నడుపుకున్నాం. దాని పెత్తనం మా సూపర్‌వైజరు అక్కది. వరంగల్ వైపు మనిషి, నోరు మంచిది కాదు. కానీ చదువు కోసం ఇచ్చిన అప్పుకి మాత్రం ఆమె పద్ధతి ఒకటే, చదివినవాళ్లకి మొదటి జీతం చేతిలో పడ్డాకే మొదటి కిస్తీ. మా చెల్లెలి నర్సింగుకి నేను అలాగే తెచ్చాను. దానికి దవాఖాన నుంచి ఆర్డరు రాగానే సంబరంగా వెళ్లి ఇక కిస్తీ కడతానంటే, నన్ను ఎగాదిగా చూసి, "ఆర్డరు తిని బతుకుతదా నీ చెల్లె? జీతం రానీ, అప్పుడు రా," అని పంపేసింది.

మావారు పోయిన ఏడాదే మా అమ్మాయికి బాచుపల్లిలో ఇంజనీరింగు సీటొచ్చింది. బ్యాంకులో ఏటా లక్ష చొప్పున నాలుగు లక్షలు, పదకొండు శాతం వడ్డీ, పక్కన నా సంతకం. చదువు ముగిసిన ఏడాదికి గానీ, ఉద్యోగం వచ్చిన ఆరు నెలలకి గానీ, ఏది ముందైతే అప్పటినుంచి వాయిదాలు కట్టాలి. అది చదివే సంతకం పెట్టాను. ఆఖరి సంవత్సరం డిసెంబరులో కాలేజీకే వచ్చిన ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ మా అమ్మాయిని ఎంచుకుని ఆఫర్ లెటర్ ఇచ్చింది. ఆదివారం చర్చిలో కృతజ్ఞత కానుక వేశాం, మంగళవారం నేను అరకిలో పాలకోవా కట్టించుకుని, ఆ కాగితం తీసుకుని, మాకు అప్పిచ్చిన మేనేజరు దగ్గరికి వెళ్లాను. ఆయన కోవా తిని, చాలా సంతోషించి, "కాపీ ఒకటి ఇచ్చి వెళ్లండమ్మా, మా బోర్డు మీద పెడతాం," అన్నాడు. బోర్డు మీద నేనెప్పుడూ చూడలేదు. ఫైల్లో పెట్టారు. పెట్టి, ఆ రోజుతోనే మా అమ్మాయికి ఉద్యోగం వచ్చేసినట్టు రాసుకున్నారు.

కంపెనీ వాళ్లు చేరే తేదీని ఒకసారి వాయిదా వేశారు, మళ్లీ వేశారు, పందొమ్మిది నెలలు అలా లాగి, చివరికి ఆ ఆఫర్ ఇక చెల్లదని నాలుగు వరుసల మెయిలు పంపారు. నాలుగు వరుసల్లో రెండు శుభాకాంక్షలు. బ్యాంకు మాత్రం ఆరో నెల నిండగానే, అంటే పరీక్షలు అయిన జూన్‌లోనే, నెలకి ఎనిమిది వేల ఆరువందలు కట్టమంది. ఉద్యోగం లేదని కాగితం రాసి తీసుకెళ్తే, అప్పటికి పాత మేనేజరు బదిలీ అయ్యాడు, కొత్తాయన సిస్టంలో పడిపోయిందండీ అన్నాడు, నూతిలో పడ్డ చేద గురించి చెప్పినట్టు. చేదనైనా గాలం వేసి తీస్తారు. మా అమ్మాయి ట్యూషన్లు చెప్పి తెచ్చిన నాలుగు వేలు పద్నాలుగు నెలలు కట్టాం, ఆ తరవాత అదీ సాగలేదు. వసూళ్లకి ఫోను చేసే పిల్ల ఒకతె ఉండేది, రోజూ అదే పాట. ఒకనాడు, "జాబు వచ్చిందని మీరే ఇచ్చారు కదా ఆంటీ," అంది. జాబు రాలేదమ్మా, కాగితం వచ్చింది అన్నాను. ఆ ముక్క రాసుకోవడానికి దాని దగ్గర చోటు లేదట.

2024 డిసెంబరు నాటికి బాకీ ఆరు లక్షల పన్నెండు వేలయింది. అప్పుడు కొత్త మేనేజరు నాకేదో దానం చేస్తున్నవాడిలా, నాలుగు లక్షల పాతిక వేలు ఒక్కసారి కట్టేస్తే సెటిల్ చేస్తానన్నాడు. నా ప్రావిడెంట్ ఫండు ఆరున్నర లక్షలు డిపాజిట్లో ఉంది, దాని మీద వచ్చే వడ్డీయే మా కిరాయి. సరేనని ఇంటికొచ్చాను. అదే వారం మా అమ్మాయి హైటెక్ సిటీలో ఒక ఫైనాన్స్ కంపెనీకి ఎంపికైంది, చేర్చుకునే ముందు వాళ్లు అప్పుల రికార్డు కూడా తీసి చూస్తారు. నేను సెటిల్మెంటు మాటెత్తగానే అది అన్నం పళ్లెం పక్కకి జరిపింది.

"సెటిల్డ్ అని పడితే ఎగ్గొట్టినట్టే లెక్క అమ్మా. వాళ్లు గేటు లోపలికి రానియ్యరు."

ఆ సంగతి ముందే ఎందుకు చెప్పలేదని మేనేజరుని అడిగితే, మీరు అడగలేదు కదండీ అన్నాడు. డిపాజిట్ విరిచి మొత్తం కట్టాను. ఆయన చెయ్యి చాపాడు, నేను రసీదు అడిగాను.

పదకొండో అంతస్తులో నేను చెప్పబోయిన సంస్కరణ ఒక్కటే, మొదటి జీతం చేతిలో పడ్డాకే మొదటి కిస్తీ. నోరు మంచిది కాని ఒక ఆడమనిషి, ఏ సభా పెట్టకుండా, మా ఫ్యాక్టరీ క్యాంటీన్లో టీ తాగుతూ నడిపిన పద్ధతి అది. సంస్కరణకి వాళ్లు కమిటీ వేస్తారట.

తెచ్చింది నాలుగు లక్షలు, కట్టింది ఆరు లక్షల అరవై ఎనిమిది వేలు. బాలానగర్‌లో రెండు గదులుండేవి, ఇప్పుడు ఒకటి. మొన్న మార్చిలో మా అమ్మాయికి ప్రమోషన్ కాగితం వచ్చింది. పెరిగిన జీతం బ్యాంకులో పడ్డాకే, ఏప్రిల్ చివర నాకు చెప్పింది. ఆ నలభై రోజులూ ఇద్దరం ఆ ఒక్క గదిలోనే ఉన్నాం.