మూడో డిస్కు మీది కాగితం

బైండరు చేతిలో పడ్డ వస్తువేదీ పేరు లేకుండా బయటపడదు. వంటింటి డబ్బాలకు, తాళాల గుత్తికి, చివరకు గొడుగు పిడికి కూడా ఆయన చీటీ అతికించి, దాని మీద గుండ్రని అక్షరాలతో పేరు రాస్తాడు. చిరిగిన పుస్తకాలకు అట్టలు వేసి బతికిన మనిషి. వెన్ను మీద పేరు లేని పుస్తకం ఆయన దృష్టిలో దిక్కులేనిది. అలవాటు మంచిదే. ఒక్కసారి మాత్రం అదే ఆయన కొంప ముంచబోయింది.

ఇంటికి కంప్యూటరు కొన్నది భార్య పని కోసం. ఆమె ఇంట్లోనే కూర్చుని ఇతరుల రాతప్రతులు టైపు చేసేది. అందుకు కావలసిన ప్రోగ్రాము యంత్రంతో పాటే వచ్చింది. కొన్న కొత్తలో తెర మీద తరచూ ఒక చిన్న పెట్టె ప్రత్యక్షమై, రికవరీ డిస్కులు చేసుకోమని అడిగేది. యంత్రం ఎప్పుడైనా మొరాయిస్తే దాన్ని కొన్ననాటి స్థితికి తెచ్చే డిస్కులవి. దుకాణం వాళ్లు ఇవ్వరు. ఖాళీ డిస్కులు పెట్టి మనమే చేసుకోవాలి, అదీ ఒక్కసారికే అనుమతి. బైండరు ఆ పెట్టె కనబడ్డప్పుడల్లా ‘తర్వాత’ అన్న చోట నొక్కి ఊరుకునేవాడు.

“నిక్షేపంలా ఉన్నదానికి ఇప్పట్నుంచే మందెందుకే?” అన్నాడు భార్యతో.

“మరి పుస్తకం చిరక్కముందే అట్ట వేయించుకోమని అందరికీ చెబుతారుగా?”

“చెబుతాను. ఎవరూ వినరు. అందుకే మన పొయ్యి వెలుగుతోంది.”

“నేను వింటాను లెండి,” అని ఆమె ఒక మధ్యాహ్నం డిస్కులు తెప్పించి, ఒకదాని తరువాత ఒకటి పెట్టి, ఓపికగా పని ముగించింది.

ఇక వాటికి పేరు పెట్టే బాధ్యత సహజంగానే బైండరుది. అర్ధచంద్రాకారంలో కాగితం కత్తిరించి, ఒకటి, రెండు అని రాసి అతికించాడు. మూడో దానికి వచ్చేసరికి ఆ కాగితం అయిపోయింది. చేతికి అందిన దళసరి అట్టకాగితం వాడి, మూడింటినీ గుడ్డ అంటించిన పెట్టెలో భద్రపరిచాడు. చూసినవాళ్లు మెచ్చుకోకుండా ఉండలేనంత ముచ్చటైన పెట్టె అది.

ఏళ్లు గడిచాక, పక్కవీధిలో ఉండే రిటైరైన నర్సమ్మగారు ఒక పుస్తకం తలపెట్టారు. మంచాన పడ్డ మనిషిని ఇంట్లోవాళ్లు ఎలా చూసుకోవాలి, ఒరుసుకుపోయి పుండ్లు పడకుండా ఎలా పక్కకు తిప్పాలి, మింగలేనివాళ్లకు నీళ్లెలా పట్టాలి అన్నది అందులోని విషయం. చూపు బాగా మందగించింది కాబట్టి ఆమె చెబుతుంటే బైండరు భార్య టైపు చేసేది.

“ఇదొక్కటి పూర్తయితే నిశ్చింతగా కళ్లు మూసుకుంటానమ్మా.”

“మధ్యలో మూసుకునేరు. ఇంకా సగం పుస్తకం ఉంది.”

ఆ సగంలోనే కంప్యూటరు చచ్చింది. నల్లటి తెర మీద ఒక తెల్లని వాక్యం నిలిచి, ఇక ముందుకు కదలలేదు.

బైండరు బావమరిది ఒక కార్యాలయంలో కంప్యూటర్లు బాగుచేసే ఉద్యోగి. కబురందగానే వచ్చి, తన దగ్గరున్న వేరే డిస్కుతో యంత్రాన్ని నడిపించి, అక్క ఫైళ్లన్నీ పెన్‌డ్రైవులోకి తీశాడు. తన లాప్‌టాపులో తెరిచి చూపిస్తే అక్షరానికి బదులు చుక్కలు, గీతలు, డాలరు గుర్తులు.

“అంతా పోయిందా తమ్ముడూ?”

“పోలేదక్కా. అంతా ఉంది, చదివే కళ్లే లేవు. నీ పాత ప్రోగ్రాము ఉంటే తప్ప ఇవి అక్షరాలు కావు. అది ఇందులో పాడైంది, చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. ఇక మిగిలింది నీ రికవరీ డిస్కుల్లో ఉన్న ఆ ఒక్క ప్రతే.”

నర్సమ్మగారి చేత మొదటినుంచీ మళ్లీ చెప్పించడమన్నది జరిగే పని కాదు. ఈమధ్య ఒక్క పేజీ చెప్పేసరికే ఆవిడ గొంతు అలిసిపోతోంది. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు.

యంత్రంలో ఉన్నదంతా తుడిచేసి మొదటి డిస్కు పెట్టారు. సాఫీగా ఎక్కింది. రెండోదీ ఎక్కింది. మూడోది లోపలికి వెళ్లగానే గడగడమని ఊగి, చదవలేనంటూ బయటికొచ్చింది. తుడిచి పెడితే మళ్లీ అదే తంతు.

బావమరిది డిస్కును వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు. “బావా, దీనికి కూడా అట్ట వేశావా?”

“పేరుండాలి కదరా.”

“పెన్నుతో రాస్తే సరిపోయేది. ఇది లోపల గిర్రున తిరగాలి. ఒక పక్క బరువెక్కితే కుంటుతుంది.”

బైండరు ముఖం మాడిపోయింది. భార్య నాలుగు చీవాట్లు పెట్టి ఉంటే ఆయనకు కాస్త ఊపిరాడేది.

బావమరిది కాగితం అంచును గోటితో లేపబోయాడు. బైండరు చప్పున చెయ్యి పట్టుకున్నాడు.

“లాగకు. నీళ్లలో నానబెట్టు, అదే వదులుతుంది. మైదాతో నేను కాచిన జిగురే అది.”

“సీసా జిగురు కాదా?”

“పుస్తకానికి సీసా జిగురు పూయను. నా తరువాత బాగుచేసేవాడు విప్పుకోవద్దూ?”

బావమరిది ఆలోచించాడు. ఈ రకం డిస్కులో సమాచారం రెండు ప్లాస్టిక్ పొరల నడుమ ఉంటుంది. పైన తడిస్తే లోపలికి ముప్పు ఉండకూడదు. అయినా ‘ఉండకూడదు’ వేరు, ‘ఉండదు’ వేరు. అందుకని పని అయిపోయిన మొదటి డిస్కును ముందు గోరువెచ్చని నీళ్లలో వేశారు. కాగితం మెత్తబడి, తడి ఆకులా జారిపోయింది. ఆరబెట్టి లాప్‌టాపులో పెడితే చక్కగా చదివింది. అప్పుడు మూడోదాన్ని నీళ్లలో దించారు. దళసరి కాగితం తొందరగా లొంగలేదు. బైండరు బేసిను ముందు గొంతుకూర్చుని, వేలి కొసతో నెమ్మదిగా నిమురుతూ వదిలించి, మెత్తని గుడ్డతో మధ్యనుంచి అంచుకు తుడిచాడు. డిస్కు లోపలికి వెళ్లింది. ఈసారి చప్పుడు లేదు.

సాయంత్రం దీపాలు పెట్టే వేళకు యంత్రం కొన్ననాటి ముఖంతో లేచి కూర్చుంది. ఫైలు తెరిస్తే డాలరు గుర్తులు పోయి, మాటలు వచ్చాయి. ఆమె రెండు పేజీలు వరసగా చదివి, అప్పుడు కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

చెప్పులు తొడుక్కుంటున్న బావమరిదితో బైండరు, “నీకు రుణపడ్డానురా,” అన్నాడు.

“నాకేంటి బావా, అక్క ఆ రోజు డిస్కులు చేయబట్టి గానీ.”

నిజమే. డిస్కులు లేకపోతే బావమరిది నేర్పు ఎందుకూ కొరగాదు. పాడుచేసింది బైండరు కాగితమే, వదిలింది ఆయన జిగురే. కాబట్టి ఆయన లెక్క సరికి సరి, గొప్పేమీ మిగలదు. ఆయనా గొప్ప అడగలేదు. లోపలికి వచ్చి, “నువ్వు వింటానన్నావు చూడు, అదే మనల్ని కాచింది,” అన్నాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో భార్యకు ఆయన ఇంత సూటిగా కృతజ్ఞత చెప్పింది లేదు.

“ఇవాళైనా తెలిసిందిగా. ఆ బేసిను కడిగి పెట్టండి,” అందామె.

మర్నాడు నర్సమ్మగారు తడుముకుంటూ వచ్చి కుర్చీలో కూర్చున్నారు. జరిగిందేదీ ఆవిడకు తెలియదు. చెప్పి బెంబేలెత్తించడం అనవసరమని వాళ్లు అనుకున్నారు.

“మొన్న ఎక్కడ ఆపామమ్మా?”

బైండరు భార్య తెర మీది చివరి వాక్యం పైకి చదివింది: “రోగికి స్పృహ లేదనిపించినా, పక్కకు తిప్పేముందు తిప్పబోతున్నామని చెప్పాలి.”

“ఆఁ, అవును. వినిపిస్తుందమ్మా వాళ్లకి,” అని నర్సమ్మగారు గొంతు సవరించుకుని, తరువాతి మాట అందుకున్నారు.