బాబిన్ ఖాళీ అయినప్పుడల్లా

తల ముందు రావాల్సిన చోట కాళ్లు ముందు పెట్టి పుట్టానట నేను. మా బాన్సువాడ వైపు అలాంటి వాళ్లకు పుట్టుకతోనే ఒక ఉద్యోగం వచ్చేస్తుంది. ఎవరికి నడుం పట్టేసినా మా ఇంటికొచ్చి బోర్లా పడుకుంటారు, నేను కాలితో తొక్కాలి. నస్రుల్లాబాద్ నుంచి కూడా ఆటో మాట్లాడుకుని వచ్చేవాళ్లు. జీతం లేదు గానీ గౌరవం బోలెడు. నాకే నడుం పట్టేస్తే మాత్రం దిక్కు లేదు. నా వీపు నేను తొక్కుకోలేను కదా!

మా పక్కింటామె బట్టలు కుడుతుంది, ఉర్దూలో అక్కను పిలిచినట్టు ఆమెను ఆపా అంటాం. రోజంతా మిషన్ మీద వంగి వంగి ఆమె నడుం పాడైంది. ఎన్నోసార్లు తొక్కాను. "పానం హాయిగుంది చెల్లె" అంటూ లేచేది, నాలుగు రోజులకు మళ్లీ వచ్చేది. చివరికి ఒకరోజు నమాజులో నేలకు నుదురు ఆనించి, తిరిగి లేవలేకపోయింది. ఆమె కోడలూ నేనూ చెరో రెక్క పట్టుకుని లేపాం. దవాఖానలో డాక్టరమ్మ కొన్నాళ్లు కుర్చీలో కూర్చునే నమాజు చేసుకోమంది. ఇంట్లో చేసుకునే కసరత్తు నేర్పింది. ఇకమీదట ఎవరితోనూ తొక్కించుకోవద్దని గట్టిగా చెప్పింది. నాకెంత ఒళ్లు మండిందో! ఇన్నేళ్ల నా పేరును ఒక్క మాటతో తీసిపారేసింది.

ఆపాకు నొప్పికంటే కుర్చీ బాధే ఎక్కువైంది. "నేల మీద తల పెట్టకపోతే నమాజ్ చదివినట్టే అనిపిస్తలేదు చెల్లె" అని కళ్లు తుడుచుకుంది. "మల్ల సజ్దా చెయ్యాలె. గంతే నాకు కావాల్సింది."

ఇక మొదలుపెట్టింది. పొద్దున నమాజు కాగానే చాప పరిచి వెల్లకిలా పడుకునేది, మోకాళ్లు మడిచి నడుం మెల్లగా పైకెత్తి దించేది. పగలు మిషన్‌లో బాబిన్ దారం అయిపోయిందంటే చాలు, కొత్తది పెట్టేముందు లేచి వాకిట్లో తిరిగొచ్చేది. పెళ్లిళ్ల రోజుల్లో బిచ్కుంద నుంచి వచ్చినవాళ్లు జాకెట్ల కోసం అరుగు మీద కాచుకుని కూర్చున్నా సరే, బాబిన్ ఖాళీ అయితే ఆపా లేవాల్సిందే.

"ఏందాపా, నా జాకెట్ ఎప్పుడిస్తవ్? గీ షికార్లు తర్వాత చేస్కోరాదు?" అని ఒకసారి కసిరాను.

"జాకెట్ రేపైనా అయితది. గీ నడుం పోతే కొత్తది కుట్టనీకొస్తదా?" అంటూ నింపాదిగా ఇంకో చుట్టు తిరిగింది.

వాడకట్టంతా నవ్వింది. కొన్ని పొద్దులు నొప్పి తిరగబెట్టేది. అప్పుడు నడుం తక్కువ ఎత్తేది గానీ చాప పరవడం మానేది కాదు. వానలు పోయాయి, చలి వచ్చింది, ఎండలు ముదిరాయి. అబ్బ, ఎంత మొండి మనిషో! మనలో ఎవరైనా నొప్పి తగ్గిన మర్నాడే చాప చుట్టేసేవాళ్లం.

ఒక మధ్యాహ్నం జాకెట్ గుడ్డతో వెళ్లాను. కుర్చీ మూలన ఉంది, దాని మీద కుట్టాల్సిన బట్టలు పేర్చి ఉన్నాయి. ఆపా నేల మీద నమాజులో ఉంది. నుదురు నేలకు ఆనింది. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా, గోడ ఆసరా లేకుండా లేచింది. గుమ్మంలోనే నాకు ఏడుపొచ్చేసింది.

మర్నాడు పొద్దున చూస్తే మళ్లీ చాప పరుస్తోంది. ఇదేం మనిషి!

"నీ కోరిక తీరె కద ఆపా. ఇగ ఎందుకీ తిప్పలు?"

"అడిగింది అల్లా ఇచ్చిండని, దువా కబూల్ అయ్యిందని నమాజ్ ఇడ్సిపెడ్తమా చెల్లె?"

పట్టేసిన నా నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడిపోయాను. ఆ చేతిని ఆపా చూసింది. చాప మీద కొంచెం పక్కకు జరిగింది.

"పండుకో" అంది.

ఇన్నేళ్లు ఊరందరినీ బోర్లా పడుకోబెట్టినదాన్ని, ఆమె పక్కన వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచాను.