టోర్మీ వారి గొర్రె చెవులు

అన్సెల్మో టోర్మీ నలభై ఏళ్లుగా గాలిమరలు బాగుచేస్తున్నాడు. పంపా గడ్డిమైదానంలో నీళ్లు తోడే గాలిమర ఏది కీచుమన్నా అతనికి కబురు వెళ్లాల్సిందే. నిచ్చెనెక్కి, నూనె పోసి, రెక్కలు బిగించి దిగేలోపు కింద నిలబడ్డవాళ్లకు ఒక కథ కూడా పోసేవాడు. నూనె చుక్కలు చుక్కలుగా పడేది, కథ ధారగా కారేది. కథలన్నీ ఒక్కడివే, ఐర్లండు నుంచి వచ్చిన ముత్తాత మిగెల్ టోర్మీవి. ఆ ముత్తాత ఓడ దిగిన రోజే ఒక పొట్టేలును భుజాన వేసుకుని మూడు రోజులు ఆగకుండా నడిచాడు. వరదలో రెండు వందల గొర్రెలను ఈదించి, చివరిది మునిగిపోతుంటే దాని కొమ్ము పట్టుకుని...

"పోయినసారి తోక అన్నావు," అనేవారు ఎవరో ఒకరు.

"ఆ గొర్రె వేరు," అనేవాడు అన్సెల్మో, తడుముకోకుండా.

అలా సాగిపోతున్న ముత్తాతకు ఆ ఏడు పెద్ద చిక్కొచ్చిపడింది. సాంతా ఒలాయా ఊళ్లో ఐరిష్ సంతతివాళ్లంతా కలిసి, మొట్టమొదట వలస వచ్చినవాళ్ల పేర్లు చెక్కించిన రాయి ఒకటి చర్చి ముందు నిలబెట్టాలనుకున్నారు. ఓడ దిగినట్టు కాగితం చూపిస్తేనే పేరు ఎక్కుతుంది. జాబితా దెల్ఫీనా బాలెస్తీ చేతిలో ఉంది. ఆవిడ బడిపంతులమ్మగా రిటైరైంది. బళ్లో అన్సెల్మోకు రెండు తరగతులు పైన చదివింది, ఇప్పటికీ పైనుంచే చూస్తుంది.

"మీ ముత్తాత ఏ ఓడలో వచ్చాడో చెప్పు, రాసుకుంటా," అంది.

"ఆయన ఓడ కోసం ఆగే రకం కాదు దెల్ఫీనా. సగం దూరం ఈదుకుంటూ వచ్చేశాడు."

"అయితే చేపల జాబితాలో వెతుక్కో. మనుషుల జాబితా శనివారంతో ఆఖరు. సోమవారం రాయి చెక్కేవాడు వస్తున్నాడు."

క్లబ్బులో అందరూ నవ్వారు, అన్సెల్మో కూడా నవ్వాడు. ఇంట్లో మాత్రం ఒకావిడ నవ్వలేదు. మేనత్త ఫిలొమేనాకు తొంభై ఒక్కేళ్లు. తమ్ముడు పోయాక అతని కొడుకైన అన్సెల్మో దగ్గరే ఉంటోంది.

"బాలెస్తీల పేరుండి మన పేరు లేని రాయి ముందు నేను మోకరిల్లాలా?" అంది. "ఇన్నేళ్లుగా ఊరంతా మా తాత గొప్పలు ఊదరగొట్టావు కదరా. ఒక్క కాగితం ముక్క తేలేవూ?"

ఆ మాట అతనికి సూటిగా తగిలింది. గాలిమరలన్నిటినీ కీచుమంటూ వదిలేసి, వారం రోజులు పాత పుస్తకాల మీద పడ్డాడు. ఓడల జాబితాల్లో మగపేర్లన్నీ తిరగేశాడు. చర్చిలోని పెళ్లిళ్ల పుస్తకం, చావుల పుస్తకం కూడా మగపేర్ల వరసల మీద వేలు పెట్టి చదివాడు. మిగెల్ టోర్మీ అనేవాడు ఏ ఓడా దిగలేదు. ఎవరినీ పెళ్లాడలేదు. చనిపోనూ లేదు. పిల్లల్ని మాత్రం ఆరుగురిని కన్నాడు! బాప్తిస్మాల పుస్తకంలో ఆరుగురికీ 'తండ్రి మిగెల్ టోర్మీ, తల్లి కతలీనా' అని శుభ్రంగా రాసి ఉంది.

"రాలేదు, పోలేదు, పెళ్లి లేదు," అంది దెల్ఫీనా. "మీ ముత్తాత మనిషేనా, గాలా?"

శుక్రవారం పొద్దున అన్సెల్మో మేనత్త ముందు కూలబడ్డాడు. ఆఖరి ఆశగా ఇంట్లోని పాత ప్రార్థన పుస్తకం పేజీ పేజీ తిప్పాడు. వెనక అట్ట లోపల సిరాతో గీసిన రెండు బొమ్మలు తప్ప ఏమీ లేవు.

"ఎవరో పిల్లలు ఆకులు గీశారత్తా. అంతకుమించి ఏం లేదు."

ముసలావిడ పుస్తకం లాక్కుని ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఆకులేమిట్రా మొద్దూ, చెవులు! గొర్రె చెవులు! ఎడమ చెవి కొసకి పిట్టతోకలా చీలిక, కుడి చెవి వెనక అర్ధచంద్రం గాటు. మా నాన్న ప్రతి గొర్రెపిల్లకీ ఇలాగే కోసేవాడు. మన మంద గుర్తు ఇది. గుర్తుల పుస్తకం చూశావా?"

అన్సెల్మో చూడలేదు. జన్మలో ఒక్క గొర్రెనూ పెంచనివాడికి గుర్తుల పుస్తకం గుర్తుకెలా వస్తుంది? ఎవరి మందకు ఏ గాటో పురపాలక కార్యాలయంలో బొమ్మతో సహా రాయించుకోవడం ఆ నేల మీద మొదటినుంచీ ఉన్న పద్ధతే.

అతను బయల్దేరుతుంటే దెల్ఫీనా కూడా వెంటపడింది. "నిన్నొక్కణ్ణే వదిలితే ఆ పుస్తకానికీ కొమ్ములు మొలిపిస్తావు," అంది.

పేజీల నిండా చెవులే. వందల జతల చెవులు. రెండు గంటలు తిప్పాక దెల్ఫీనా వేలు ఠక్కున ఆగింది. పిట్టతోక, అర్ధచంద్రం. 1863. కింద ఇలా ఉంది: 'కతలీనా టోర్మీ, ఐరిష్, అవివాహిత, వయసు ఇరవై రెండు. పరుల మంద కాసి, పుట్టిన పిల్లల్లో మూడో వంతు వాటాగా పొందిన గొర్రెలు.'

"అవివాహిత?" అన్నాడు అన్సెల్మో. "అప్పటికే టోర్మీ? మరి మా ముత్తాత?"

దెల్ఫీనా అతని చెయ్యి పట్టుకుని చర్చికి లాక్కుపోయింది. పెళ్లిళ్ల పుస్తకంలో ఈసారి పెళ్లికూతుళ్ల వరస చూసింది. 1865లో కతలీనా టోర్మీ ఉంది. వరుడు మిగెల్ సోసా, ఈ నేల మీదే పుట్టిన పశులకాపరి.

"అయ్యో అన్సెల్మో," అంది దెల్ఫీనా, నవ్వాపుకుంటూ. "మందల దగ్గర మగాణ్ణి మంద సొంతదారు పేరుతోనే పిలిచేవారు కదా. మా తాత గేనర్లనేవాళ్ల గొర్రెలు కాసినన్నాళ్లూ ఊరందరికీ గేనరే. ఏడాదికోసారి గుర్రమెక్కి వచ్చే ఫాదర్ 'ఈ మంద ఎవరిది?' అని అడిగుంటాడు, 'టోర్మీది' అనుంటారు. పిల్లల తండ్రికి అదే పేరు తగిలించేశాడు."

అన్సెల్మో బల్ల మీద కూర్చుండిపోయాడు. ఓడ లేదు, పొట్టేలు లేదు, ఈత అసలే లేదు. అతని ఐరిష్ వీరుడు సముద్రం మొహమే చూడలేదు.

"అయితే మా పేరు ఎక్కదన్నమాట," అన్నాడు.

ఏ కథా అల్లకుండా ఓటమి ఒప్పుకున్న అన్సెల్మోను దెల్ఫీనా ఎప్పుడూ చూడలేదు. అది ఆవిడకే నచ్చలేదు.

"ఓడ దిగిన మనిషి అని రాసుకున్నాం. మగమనిషి అని రాసుకోలేదు," అంది. "పద, ఓడల జాబితాలో ఈ పిల్లను వెతుకుదాం."

పావుగంటలో దొరికింది. 1858, కతలీనా టోర్మీ, పదిహేడేళ్లు, పనిమనిషి, వెంట ఎవరూ లేరు. దెల్ఫీనా తన గుండ్రటి అక్షరాలతో జాబితాలో పేరు ఎక్కించింది. నలభై ఒక్క పేర్లలో ఆడపేరు అదొక్కటే.

"గుర్తుల పుస్తకంలో మీ బాలెస్తీల చెవులు మా చెవుల తర్వాత ఎన్నో పేజీలో ఉన్నాయి?" అన్నాడు అన్సెల్మో. రంగు తిరిగొచ్చింది మనిషికి.

"నోర్ముయ్యి."

"పాతిక పేజీల తర్వాత. నేను లెక్కపెట్టా."

రాయి నిలబెట్టిన ఆదివారం ఫిలొమేనా అందరికన్నా ముందు వచ్చింది. కళ్లు ఆనవు కాబట్టి అక్షరాలను వేలితో తడిమింది. ఒకసారి కాదు, మూడుసార్లు.

"ఒంటరిగా వచ్చిందా మా నానమ్మ?"

"ఒంటరిగానే అత్తా. పదిహేడేళ్లకి."

"మందా తనే సంపాదించుకుందా?"

"తనే."

"మరి మా తాత ఏం చేశాడు?"

అన్సెల్మో అలవాటుగా నోరు తెరిచాడు. అవతల దెల్ఫీనా గొంతు సవరించుకోవడం వినిపించింది.

"గొర్రెలు కాశాడత్తా."

"కాయక? అవి ఆవిడవాయె," అంది ముసలావిడ తృప్తిగా, అతని చెయ్యి పట్టుకుంటూ. "పద పద. అక్కడ గొర్రెమాంసం కాలిన వాసనొస్తోంది. బాలెస్తీలు చేరితే పక్కటెముకలు ఒక్కటీ మిగలనివ్వరు."