పచ్చగా ఉండాది

చక్కెర జబ్బు ముదిరి తిప్పమ్మ కళ్లు దాదాపు కనబడకుండా పోయాక, చుట్టూ ఏముందో ఆమెకు చెప్పే పని మొగుడు గంగాధరప్ప మీద పడింది. వాకిట్లో ఎవరు పోతున్నారు, బస్సు మీద ఏ ఊరి పేరుంది, బియ్యంలో రాళ్లున్నాయా, అన్నీ అడిగేది. ఆయన ఓపికగా చెప్పేవాడు. యాభై ఎనిమిదేళ్లుగా తనకల్లు దగ్గరి ఎర్రనేలల్లో వేరుశనగ వేసుకుని బతికిన మనిషి. ఉన్నది ఉన్నట్టు చెప్పడమే ఆయనకు అలవాటు.

ఆ ఏడు ఆమె మూత్రపిండాలు కూడా చెడిపోయాయి. వారానికి రెండుసార్లు కదిరికి పోయి డయాలిసిస్ చేయించుకోవాలి. ఆటో ఖర్చు, మందుల ఖర్చు ఆమెకు తెలుసు. విత్తనం వేసిన రోజునే తేల్చి చెప్పింది.

"ఈసారి పైరు పోయిందంటే నేనింగ ఆ సూదులేయించుకోను. నాకోసం ఎద్దులమ్ముతానంటే ఒప్పుకోను. ఇప్పుడే చెబుతాండా."

జులైలో రెండు వానలు పడ్డాయి. ఆ తర్వాత మబ్బు పట్టడమే గాని చినుకు రాలలేదు. సెప్టెంబరుకు ఆకు ముట్టుకుంటే పొడి అయ్యేది. గంగాధరప్ప రోజూ చేను చూసి వచ్చి, కాళ్లు కడుక్కుంటూ, "నిలబడిందిలే" అనేవాడు. ఆ ఒక్క మాట ఆమెను ఆటో ఎక్కించేది.

ఒకరోజు పొద్దున్నే ఆమె పట్టుబట్టింది. "నన్ను చేనికి పిల్చుకోని పోయ్యా. గట్టు మీద రోంతసేపు కూచుంటా." కాదనలేకపోయాడు. చెయ్యి పట్టుకుని నడిపించి గట్టు మీద కూర్చోబెట్టాడు.

అదే పూట నరేంద్ర అనే విలేకరి అటు వచ్చాడు. అనంతపురంలో సొంతంగా యూట్యూబ్ చానల్ నడుపుకుంటూ, ఎండిన చేలను చూపించాలని ఊళ్లు తిరుగుతున్నాడు. గంగాధరప్పను సాళ్ల మధ్య నిలబెట్టి ఫోన్ ఎత్తాడు.

"పెద్దాయనా, పంట ఎట్లుండాది?"

నాలుగు బారల దూరంలో తిప్పమ్మ మొహం ఇటు తిప్పింది. ఫోన్‌లో ఆమె కనబడదు. "అడుగుతాండాడు కదా, చెప్పయ్యా" అంది మెల్లగా.

గంగాధరప్ప ఫోన్ వైపు చూడలేదు. ఆమె వైపు చూశాడు.

"ఏమప్పా, చూస్తాండావు కదా. పచ్చగా ఉండాది. నిండా పచ్చగా ఉండాది."

సరిగ్గా అప్పుడే గాలి లేచి దుమ్మూ ఎండుటాకులూ ఆయన మొహాన కొట్టింది. తువాలుతో తుడుచుకుని, దగ్గి, మళ్లీ అన్నాడు. "పచ్చగా ఉండాది."

కడుపు మండి వెటకారంగా అన్నాడనుకున్నాడు నరేంద్ర. పద్నాలుగు సెకన్ల ముక్క కత్తిరించి, 'కరువు రైతు ఎత్తిపొడుపు' అని పేరు పెట్టి ఆ సాయంత్రమే వదిలాడు. చెడు ఉద్దేశం ఏమీ లేదు.

మూడు రోజుల్లో ఆ పేరు రాలిపోయింది, మాట ఒక్కటే మిగిలింది. ఎవరో ఇంజినీరింగ్ విద్యార్థి తన మార్కుల పట్టీ మీద ఆయన మొహం అతికించాడు. క్రికెట్‌లో వికెట్లు టపటపా రాలితే అదే మాట. బట్టతల మీద, గుంతలు పడ్డ రోడ్ల మీద, ఖాళీ గ్యాస్ బండ మీద అదే. రెండు పార్టీలవాళ్లూ ఒకరినొకరు దాంతోనే తిట్టుకున్నారు. ఎవరో దగ్గును కూడా కలిపి డీజే పాట చేశారు. వాట్సాప్‌లో స్టిక్కర్ అయింది. లక్షల మందికి ఆయన 'పచ్చ తాత'. పేరు ఒక్కరికీ తెలియదు.

ఆయనకు ఈ సంగతి తెలిసింది తనకల్లు టీ హోటల్లో. ముక్కూమొహం తెలియని ఇద్దరు వచ్చి పక్కన నిలబడి ఫోటో తీసుకున్నారు, వీడియో చూపించారు. తర్వాత ఎండిన పొలాలు రాసుకోవడానికి వచ్చిన ఉద్యోగి, "నీది పచ్చగా ఉండాదంటివే, ఏమని రాసుకోవల్ల?" అన్నాడు. నిలబడినవాళ్లంతా నవ్వారు. ఆయనా నవ్వాడు. 

తన పరువు గురించి ఆయనకు దిగులు లేదు. తిప్పమ్మ చెవిన పడుతుందేమోననే భయం. ఇల్లిల్లూ తిరిగి, "ఆమె ముందర ఆ మాట ఎత్తద్దండప్పా" అని బతిమాలాడు. ఊరు ఊరంతా ఆయనకిచ్చిన మాట నిలుపుకుంది.

కదిరిలో ఈ సంగతి ఎవరికి తెలుసు? అక్టోబరులో ఒకనాడు ఆమెకు మిషన్ తగిలించి, మందులకని ఆయన బయటికి పోయాడు. పక్క మంచం దగ్గర తోడుగా ఉన్న నల్లమ్మ ఫోన్ చూసుకుంటోంది. అందులో మొగుడి గొంతు వినిపించింది తిప్పమ్మకు. ఆ వెంటనే పెద్ద నవ్వు.

"ఏందమ్మా అది?" అని అడిగింది.

"ఎవరో ముసలాయన లేమ్మా. శెనక్కాయ చేను నిలువునా ఎండిపోయింటే, దాంట్లో నిలబడుకోని పచ్చగా ఉండాదంటాడు. జనమంతా చూసి కడుపుబ్బ నవ్వుతాండారు."

మిషన్ తీసేశాక తిప్పమ్మ ఆయన చెయ్యి పట్టుకుని ఆటో ఎక్కింది. ఇంటికి చేరి, మంచం మీద కూర్చున్నాక అడిగింది. "ఎప్పుడు ఎండిపోయె?"

గంగాధరప్ప ఆమె పక్కన కూర్చున్నాడు. "వినాయక చవితికి ముందరే" అన్నాడు. "నీకోసమే అట్లన్నానే."

"తెలుసులేయ్యా. అంతమంది నవ్వినారంట. నమ్మింది నేనొక్కదాన్నే."

కోపంగా అనలేదు. అందుకే ఆయన తట్టుకోలేకపోయాడు.

తర్వాతి వారం ఆమె ఆటో ఎక్కలేదు. ధర్మవరం నుంచి కూతురు జ్యోతిలక్ష్మి వచ్చి కాళ్లు పట్టుకుంది. డాక్టరు ఫోన్లో మందలించాడు. గంగాధరప్ప ఎద్దులు అమ్మనని ఒట్టు వేశాడు. "నీ మాట నేనింగ ఎట్ల నమ్మల్ల?" అంది ఆమె. కాళ్లు నీరు పట్టాయి, తర్వాత మొహం, తర్వాత ఊపిరి అందలేదు. పదకొండో రోజు మధ్యాహ్నం ప్రాణం పోయింది.

దినాలయ్యాక నరేంద్ర వచ్చాడు. పచ్చ తాత భార్య పోయిందని ఎవరో చెప్పారట. గంగాధరప్ప దాచకుండా జరిగినదంతా చెప్పాడు. నరేంద్ర ఫోన్ తీసి, ఆయన కళ్ల ముందే తన వీడియో చెరిపేశాడు.

"ఇంగ యాడా ఉండదా?" అని అడిగాడు గంగాధరప్ప.

"నాది ఒకటే పోయిందప్పా. జనాల దగ్గర ఉండేటివి తీసేది నా చేతిలో లేదు." ఫోన్ జేబులో పెట్టి అన్నాడు. "నువ్వు ఎందుకు అట్లన్నావో చెబుతూ ఇంగో వీడియో చేద్దాం. ఆమె గట్టు మీద కూచోనుండిందని తెలిస్తే ఒక్కరూ నవ్వరు."

గంగాధరప్ప లేచి నిలబడ్డాడు. "వద్దు. ఆమెను దాంట్లోకి తేవద్దు. నన్ను నవ్వుకుంటే నవ్వుకోనీ."

ఇప్పుడాయన ధర్మవరంలో కూతురి దగ్గర ఉంటున్నాడు. పొలం కౌలుకు ఇచ్చాడు. వాళ్ల మగ్గం పక్కన కూర్చుని నేతకు దారం కండెలు చుట్టి పెడతాడు. చీరల కోసం వచ్చినవాళ్లు అప్పుడప్పుడూ గుర్తుపట్టి ఫోటో అడుగుతారు. కాదనడు, పక్కన నిలబడతాడు. ఆ మాట ఒక్కసారి అనమంటే మాత్రం తల అడ్డంగా ఊపి లోపలికి వెళ్లిపోతాడు.